కారు సైడ్ అద్దాలపై గీతలు: తప్పు ఎవరిదో గీతే చెబుతుంది

పొద్దున ఎండ పక్క నుంచి పడ్డప్పుడు గానీ, రాత్రి వెనక బండి లైట్ సైడ్ మిర్రర్‌లో కొట్టినప్పుడు గానీ చాలామంది ఒక్కసారిగా గమనిస్తారు: డోర్ అద్దం నిండా సన్నటి గీతలు! నిన్నటి దాకా లేనివి ఇవాళ ఎక్కడి నుంచి వచ్చాయి? వెంటనే అనుమానం కారు కడిగే కుర్రాడి మీదకు పోతుంది. లేదంటే వెనక సీట్లో కూర్చున్న పిల్లల మీదకు. ఇంట్లో చిన్న పంచాయితీ కూడా అవుతుంది.

నిజానికి చాలాసార్లు వాళ్ల తప్పేం ఉండదు. గీతలు పెట్టేది డోర్ లోపలే దాక్కొని ఉంటుంది. అది తెలియకుండా అద్దం మార్పిస్తే, కొత్త అద్దం మీద కూడా కొన్నాళ్లకు అదే చోట అదే గీత పడుతుంది. డబ్బు పోయింది, పరేషాన్ మాత్రం పోలేదు. అందుకే ముందు కారణం పట్టుకోవాలి, ఖర్చు సంగతి తర్వాత. దీనికి పెద్ద పనిముట్లేం అక్కర్లేదు. ఒక టార్చ్, ఒక టేపు, ఒక స్కేలు, పావుగంట టైమ్ చాలు.

అసలు అద్దాన్ని గీసేది ఏది?

పదార్థాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ స్కేల్ అని ఒకటుంది. అందులో అద్దం సుమారు 5.5 దగ్గర ఉంటుంది. మామూలు ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటుంది. అంటే కంటికి సరిగా కనపడని ఇసుక రేణువు కూడా అద్దం కన్నా గట్టిది. రబ్బరు, గుడ్డ, చేతి వేలు అద్దాన్ని గీయలేవు. కానీ వాటి మధ్య ఇసుక చిక్కితే మాత్రం అవి గరుకు కాగితంలా మారతాయి.

బంగారం, వెండి అద్దం కన్నా మెత్తన. సాదా బంగారు ఉంగరం గీత పెట్టదు. వజ్రం గీస్తుంది. లాడ్ బజార్‌లో దొరికే రాళ్లు పొదిగిన గాజుల్లో ఉండేవి గాజు ముక్కలైనా సరే, వాటి అంచు గట్టిగా రాసుకుంటే గీత పడొచ్చు.

హైదరాబాద్‌లో ఎటు చూసినా తవ్వకాలు, కట్టడాలు. ఆ దుమ్ములో ఇసుక, రాతి పొడి ఉంటాయి. గల్ఫ్‌లో ఉండే మనవాళ్లకైతే ఇసుక గాలుల గురించి చెప్పక్కర్లేదు. బండి ఎక్కడ తిరిగినా ఆ రేణువులు చేరే చోటు మాత్రం ఒక్కటే: అద్దం డోర్‌లోకి దిగే సందు.

ముందు కడగండి, తర్వాత చూడండి

దుమ్ము మీద గీతలు వెతికితే దొరికేది దుమ్మే. నీళ్లు బాగా పోసి అద్దం శుభ్రం చేసి ఆరనివ్వండి. తర్వాత మూడు సంగతులు తేల్చుకోవాలి.

మొదటిది, అది అద్దం మీద గీతా, ఫిల్మ్ మీద గీతా? లోపల సన్ ఫిల్మ్ ఉంటే అది ప్లాస్టిక్, చాలా తొందరగా గీరుకుపోతుంది. గీత ఫిల్మ్ మీదే అయితే అద్దం బాగానే ఉన్నట్టు.

రెండోది, లోపలి వైపా, బయటి వైపా? రెండు పక్కలా గీతకు అడ్డంగా గోరు నెమ్మదిగా జరపండి. తగిలిన వైపే గీత ఉంది. గోటికి తగలనంత సన్నగా ఉంటే ముందు బయట, తర్వాత లోపల గీత మీద తడి వేలు పెట్టి చూడండి. ఏ వైపు తడి చేస్తే గీత మసకబారుతుందో ఆ వైపుది.

మూడోది, ఎంత లోతు? గోరు చిక్కుకొని ఆగితే లోతైన గీత. గోరు జారిపోతే పైపై గీత. ఈ తేడా చివర్లో పాలిష్ సంగతి వచ్చినప్పుడు పనికొస్తుంది.

నిలువు గీతలు: అద్దాన్ని పూర్తిగా దించి కొలవండి

అద్దం కదిలేది పైకీ కిందికీ. కాబట్టి దాని దారి వెంబడే తిన్నగా ఉన్న గీతలకు కారణం దాదాపుగా డోర్‌లోనే ఉంటుంది. డోర్ అంచు మీద లోపల ఒకటి, బయట ఒకటి రబ్బరు బీడింగులు ఉంటాయి. వాటికి అద్దం తగిలే చోట మెత్తటి నూగు ఉంటుంది. నూగులో ఇసుక చిక్కినా, నూగు అరిగిపోయి లోపలి రేకు బయటపడినా, అద్దం కదిలిన ప్రతిసారీ గీత పడుతుంది. డోర్ లోపల వదులైన బోల్టో, జరిగిపోయిన క్లిప్పో అద్దానికి తగులుతున్నా అదే జరుగుతుంది.

ఈ రెండింట్లో ఏదో డోర్ విప్పకుండానే తెలుసుకోవచ్చు. ఇలా చేయండి.

అద్దం పూర్తిగా పైకి ఎత్తి, గీత పై కొస ఎక్కడ మొదలైందో చూడండి. అక్కడి నుంచి అద్దం పై అంచు దాకా తిన్నగా ఎన్ని సెంటీమీటర్లుందో కొలిచి రాసుకోండి. గీతకు సూటిగా కింద, డోర్ మీద చిన్న టేపు ముక్క అతికించండి. ఇప్పుడు అద్దం వెళ్లగలిగినంత కిందికి దించండి. గీత ఉన్న చోట అద్దం బీడింగ్ పైన ఇంకా ఎన్ని సెంటీమీటర్లు మిగిలిందో కొలవండి. మొదటి కొలతలోంచి రెండోది తీసేయండి.

వచ్చింది సున్నా అయితే నేరస్థుడు బీడింగే. టేపు పెట్టిన చోటే ఉన్నాడు.

సున్నా కన్నా ఎక్కువ వస్తే, బీడింగ్‌కు అన్ని సెంటీమీటర్ల కింద డోర్ లోపల ఏదో తగులుతోంది. ఉదాహరణకు ముందు డోర్ అద్దం పూర్తిగా లోపలికి దిగిపోయింది, గీత మాత్రం పై అంచుకు 6 సెంటీమీటర్ల కింద మొదలైంది. అంటే బీడింగ్‌కు 6 సెంటీమీటర్ల కింద చూడాలి. మెకానిక్‌కు ఆ కొలత చెబితే డోర్ ప్యాడ్ విప్పి సూటిగా అక్కడే చూస్తాడు.

సున్నా కన్నా తక్కువ వస్తే, అంటే అద్దం మొత్తం దించినా గీత పై కొస ఇంకా బయటే కనిపిస్తుంటే, ఆ గీత బీడింగ్ పెట్టింది కాదు, డోర్ లోపలిదీ కాదు. వెనక డోర్లలో ఇది బాగా తెలుస్తుంది. చక్రం అడ్డం వల్ల చాలా కార్లలో వెనక అద్దం పూర్తిగా దిగదు. పైన మిగిలే ఆ భాగాన్ని బీడింగ్ ఎప్పుడూ తాకదు. అక్కడ గీత ఉంటే కారణం బయట వెతకాలి.

ఇందులో కిటుకేం లేదు. అద్దం అట్టడుగుకు దిగినప్పుడు, గీత పెట్టే వస్తువు సరిగ్గా గీత పై కొస దగ్గరే ఉంటుంది. అంతకు పైన అది అద్దాన్ని తాకలేదు. మీకు అద్దం ఎప్పుడూ సగమే దించే అలవాటుంటే, అట్టడుగుకు బదులు ఆ సగం దగ్గర ఆపి కొలవండి.

ఒక్క మినహాయింపు: ముందు, వెనక అంచులకు ఆనుకొని ఉన్న నిలువు గీతలు. అవి అద్దం నడిచే పక్క ఛానల్ రబ్బరులో ఇసుక చేరడం వల్ల వస్తాయి. వాటికి ఈ లెక్క వర్తించదు, ఛానల్ శుభ్రం చేయాలి.

అడ్డ గీతలు, వంపు గీతలు

ఇవి అద్దం కదలిక వల్ల వచ్చేవి కావు, చేతి పని.

బయటి వైపు గుండ్రంగా, వంపు తిరిగి, గుంపుగా ఉంటే పొడి గుడ్డతో దుమ్ము తుడిచిన గుర్తులు. ఇక్కడ కూడా కుర్రాడి మీద అరిచే ముందు ఒక మాట. బకెట్ నీళ్లు సగమిచ్చి, పాత గుడ్డ ఒకటే ఇచ్చి, నాలుగు బండ్లు తుడవమంటే ఎవరు తుడిచినా అలాగే అవుతుంది.

లోపలి వైపు చిన్న చిన్న తిన్నని గీతలు అన్ని దిక్కులా ఉంటే బ్లేడుతో ఫిల్మ్ గీకిన గుర్తులు కావచ్చు. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు వద్దన్న తర్వాత ఎన్నో కార్లకు వాటిని గీకించారు. సెకండ్ హ్యాండ్ కారు కొంటుంటే ఇది చూసుకోండి. అలాగే అద్దం మూల మీద ఉండే కంపెనీ ముద్ర అన్ని డోర్లకూ పోల్చి చూడండి. ఒకదానిది వేరుగా ఉంటే ఆ అద్దం ఎప్పుడో మార్చారన్నమాట. ఎందుకు మార్చారో అడగండి.

లోపల ఒకే ఎత్తులో గీతలుంటే ఎండ కోసం పెట్టే జాలీ తెర ఫ్రేమ్ రాసుకుంటుండొచ్చు. తెర ఉండగానే అద్దం దించితే నిలువు గీతలు కూడా పడతాయి.

కారణం దొరికాక ఏం చేయాలి?

బీడింగ్‌లో ఇసుక ఉంటే అద్దం పూర్తిగా దించి, మెత్తటి బ్రష్‌తో సందులో ఊడ్చి, నీళ్లు కొట్టండి. వ్యాక్యూమ్ ఉంటే ఇంకా మంచిది. డోర్ అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి, అవి మూసుకుపోలేదని చూసుకోండి. ఆరాక ఛానల్ రబ్బరుకు సిలికాన్ స్ప్రే కొద్దిగా వాడొచ్చు. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు. అవి దుమ్మును ఇంకా అంటించుకుంటాయి, రబ్బరు ఖరాబవుతుంది.

నూగు అరిగిపోయి ఉంటే శుభ్రం చేసి లాభం లేదు, బీడింగ్ మార్చాలి. అద్దం ధరతో పోలిస్తే అది చిన్న ఖర్చు. అద్దం మార్పించాల్సి వచ్చినా ముందు బీడింగ్ మార్పించాకే కొత్తది బిగించమనండి.

ఇక పాలిష్. గోటికి తగలని గీతలకు సీరియం ఆక్సైడ్ అనే పొడితో పాలిష్ చేస్తారు, కొంత ఫలితం ఉంటుంది. గోరు చిక్కే గీతలకు ఒప్పుకోకండి. గీత పోవాలంటే చుట్టుపక్కల అద్దం కూడా అరగదీయాలి. అప్పుడు అక్కడి నుంచి చూస్తే బయట వస్తువులు వంకరగా కనిపిస్తాయి. పైగా చాలా కార్ల సైడ్ అద్దం టెంపర్డ్ గ్లాస్. దాని బలమంతా పై పొరలోనే ఉంటుంది. అందుకే అది పగిలినప్పుడు చిన్న ముక్కలుగా రాలిపోతుంది. లోతైన గీత ఆ పొరను బలహీనం చేస్తుంది.

డ్రైవర్ పక్క అద్దం, ముందు ఎడమ అద్దం విషయంలో ఆలస్యం చేయొద్దు. సైడ్ మిర్రర్లు చూసేది వాటి గుండానే. రాత్రి వెనక లైట్లు గీతల మీద పడి చెదిరితే పక్కన వచ్చే బైక్ కనపడదు. క్యాబ్ నడిపేవాళ్లు, రాత్రి డ్యూటీ వాళ్లు దీన్ని అందం సంగతిగా కాదు, భద్రత సంగతిగా చూడాలి.

గుర్తుంచుకోవాల్సినవి

- దుమ్ము పట్టిన అద్దాన్ని దించొద్దు. ముందు నీళ్లు, తర్వాత బటన్.
- పొడి గుడ్డతో తుడవొద్దు. అద్దాలకు వేరే గుడ్డ పెట్టుకోండి. కింద పడిన గుడ్డ ఉతికాకే వాడండి.
- వాన, బురద తర్వాత బీడింగ్ అంచును తడి గుడ్డతో ఒకసారి తుడవండి.
- అద్దం దిగేటప్పుడు కరకరమని చప్పుడొస్తే అక్కడే ఆపండి. ఇంకో నాలుగుసార్లు ఎత్తి దించి చూస్తే గీత ఇంకా లోతవుతుంది.
- పండుగకు ముందు కారు కడిగించేటప్పుడు బకెట్లు రెండు ఇవ్వండి, ఒకటి గుడ్డ కడుక్కోవడానికి.

అద్దం మీద గీత పడితే ఎవరినైనా అనే ముందు స్కేలు తీసుకొని కొలవండి. నింద వేయడానికి నిమిషం చాలు, నిజం తెలియడానికి పావుగంట పడుతుంది.