పళ్ళెం మీరే తెచ్చుకోండి

ఇంటర్మీడియెట్‌లో సదిశలు, మాత్రికలు చదువుకుంటూ "ఇవి ఎప్పటికైనా పనికొస్తాయా?" అని విసుక్కోనివారు అరుదు. వెబ్ పేజీలో ఒక చిన్న పెట్టెను గిరగిరా తిప్పాలంటే కావలసినవి అవే. కానీ ఆ పేజీని నడిపే జావాస్క్రిప్టుకి ఈ లెక్కలు పుట్టుకతో రావు. [1,2,3], [4,5,6] అనే రెండు వరసలను కూడమంటే [5,7,9] ఇవ్వదు. రెంటినీ అక్షరాల్లా అతికించి "1,2,34,5,6" అని చేతిలో పెడుతుంది!

2011లో వెబ్‌జీఎల్ తొలి ప్రమాణం వెలువడింది. దానితో బ్రౌజర్లోనే త్రీడీ బొమ్మలు గీయవచ్చు గానీ, మాత్రికలు మనమే తయారుచేసి అందించాలి. ఆ పనికి నేను వాడే చిన్న లైబ్రరీ జీఎల్‌మాట్రిక్స్. రాసినవారు బ్రాండన్ జోన్స్, కాలిన్ మెకంజీ. (మన ఊళ్ళ కైఫీయతులు సేకరింపజేసిన మెకంజీ దొర 1821లోనే పోయాడు. ఈయన వేరు!)

ఈ లైబ్రరీలో ఒక వింత ఉంది. కూడిక ఫంక్షనుకి రెండు సదిశలు ఇస్తే చాలదు. జవాబు పెట్టడానికి మూడో సదిశను కూడా మనమే ఇవ్వాలి, అదీ అన్నిటికంటే ముందు. చూడగానే చాదస్తంలా కనిపిస్తుంది. కారణం తెలియాలంటే పెళ్ళి భోజనాలు గుర్తు చేసుకోండి. విస్తరాకుల్లో వడ్డిస్తే, ఎంగిలాకులు ఎత్తేదాకా రెండో బంతి కూర్చోదు. ఎవరి పళ్ళెం వాళ్ళు తెచ్చుకుని కడుక్కుంటే ఆ ఆలస్యం ఉండదు.

కంప్యూటరు మెమరీలోనూ అంతే. తెర సాధారణంగా సెకనుకి 60 సార్లు మారుతుంది. అంటే ఒక్కో బొమ్మకి దొరికేది సుమారు 16 మిల్లీసెకన్లు. వెయ్యి వస్తువులకి తలా అయిదు కొత్త సదిశలు పుట్టిస్తే సెకనుకి 3 లక్షల ఎంగిలాకులు! వాటిని ఎత్తడానికి జావాస్క్రిప్టు కాసేపు ఆగితే బొమ్మ తడబడుతుంది. ఇప్పటి బ్రౌజర్లు ఆ పనిని ముక్కలుగా, తెలివిగా చేస్తున్నాయి గానీ, అది ఖర్చు లేని పని కాదు. ఇక్కడి కొత్త కంప్యూటరులో తెలియని తడబాటు, అదే పేజీని ఊళ్ళో మనవాళ్ళు చవక ఫోనులో తెరిస్తే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక వాడేవాళ్ళు గుర్తుంచుకోవలసినవి మూడు.

ఒకటి: జవాబు పళ్ళెంగా లెక్కలోని సదిశనే ఇవ్వవచ్చు. సదిశా లబ్ధంలో మొదటి అంకె రాయగానే పాత అంకె చెరిగిపోతుంది కదా, రెండో అంకె తప్పు రాదా? రాదు. ఈ లైబ్రరీ ఆరు అంకెలనూ ముందే పక్కన రాసుకుంటుంది. మీరు సొంతంగా ఫంక్షన్లు రాస్తే ఆ జాగ్రత్త మీదే.

రెండు: మాత్రికను నిలువు వరసల క్రమంలో దాస్తుంది. 16 అంకెల మాత్రికలో, వస్తువును పక్కకి జరిపే మూడు అంకెలు చివరి వరసలో వరుసగా కనిపిస్తాయి. పుస్తకంలో చదువుకున్నదానికి ఇది అడ్డం తిరిగినట్టుంటుంది. కంగారుపడకండి.

మూడు: మామూలుగా అంకెకి 32 బిట్లే వాడుతుంది. అంటే దాదాపు ఏడు అంకెల కచ్చితత్వం. ఆటబొమ్మలకి ఇది చాలు. భూగోళం కేంద్రం నుంచి మీటర్లలో కొలిస్తే ఉపరితలం 63 లక్షల మీటర్ల పైచిలుకు దూరం. అక్కడ పక్కపక్క అంకెల మధ్య ఎడం అర మీటరు! మీ ఇంటి గుమ్మం అటూ ఇటూ గెంతుతుంది. అలాంటప్పుడు మామూలు 64 బిట్ల వరసలు వాడమని లైబ్రరీకి ఒక్క మాటలో చెప్పవచ్చు. లేదా మూలబిందువును దగ్గరికి తెచ్చుకోవచ్చు.

కదలని బొమ్మ ఒక్కటి గీయడానికి ఇంత హైరానా అక్కర్లేదు. క్షణక్షణం కదిలే బొమ్మలకైతే నా పద్ధతి ఇది: కావలసిన పళ్ళేలన్నీ పేజీ తెరుచుకోగానే ఒక్కసారి చేయించుకుంటాను. తర్వాత వాటినే కడిగి వాడుకుంటాను. ప్రోగ్రాము చదవడానికి కాస్త మోటుగా ఉంటుంది, నిజమే. ఆ మోటుతనం నాకు, నున్నగా తిరిగే బొమ్మ చూసేవాళ్ళకి.