ఒక పోగు, ఒక తొడుగు

మినుము చేలో ఆకులు పసుపు బారితే పల్లాకు తెగులంటాం. మిరప ఆకులు ముడుచుకుపోతే బొబ్బర తెగులంటాం. ఇవి వైరస్‌ల పని అని ఈరోజు చాలామంది రైతులకు తెలుసు. ఆ వైరస్ ఎలా ఉంటుంది, దాని లోపల ఏముంటుంది అన్నది మనిషికి మొట్టమొదట తెలిసింది మాత్రం పొగాకు ఆకు వల్ల. గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు చిరపరిచితమైన ఆ ఆకు కథ నెదర్లాండ్స్‌లో మొదలవుతుంది.

అక్కడి పొగాకు తోటల్లో ఆకుల మీద లేత ఆకుపచ్చ, ముదురు ఆకుపచ్చ మచ్చలు కలగలిసి కనిపించేవి. అడోల్ఫ్ మేయర్ దానికి మొజాయిక్ అని పేరు పెట్టాడు. జబ్బు మొక్క రసాన్ని మంచి మొక్కలోకి ఎక్కిస్తే జబ్బు అంటుకుంటుందని 1886లో రాశాడు. బ్యాక్టీరియా పని అనుకున్నాడు. 1892లో రష్యాలో దిమిత్రీ ఇవనోవ్‌స్కీ ఆ రసాన్ని బ్యాక్టీరియా దూరలేని పింగాణీ వడపోత గుండా పంపాడు. వడగట్టిన రసం కూడా జబ్బు తెచ్చింది.

1898లో మార్టినస్ బెయెరింక్ ఇంకో మెట్టు ఎక్కాడు. వడగట్టిన రసంతో ఒక మొక్కకు తెగులు అంటించి, ఆ మొక్క రసంతో మరో మొక్కకు, దాని రసంతో ఇంకో మొక్కకు అంటించుకుంటూ పోయాడు. రసంలో ఉన్నది ఉత్త విషమే అయితే చేతులు మారేకొద్దీ పలచబడాలి. పలచబడలేదు. అంటే అది మొక్కలో పెరుగుతోంది. సీసాలో ఉంచితే మాత్రం పెరగదు. ప్రాణమున్న కణం దొరికితేనే పెరుగుతుంది. వైరస్‌ల గుణాలన్నిటిలో నేను ముందు చెప్పేది ఇదే. మిగతావన్నీ దీని వెంట వచ్చేవే.

బెయెరింక్ దాన్ని ద్రవమనుకున్నాడు. అది పొరపాటు. 1935లో అమెరికాలో వెండెల్ స్టాన్లీ ఆ రసాన్ని శుద్ధి చేసి, సన్నని సూదుల్లాంటి స్ఫటికాలు తీశాడు. వాటిని నీళ్లలో కరిగించి ఆకు మీద రుద్దితే మళ్లీ తెగులు! ఉప్పులా, పటికలా స్ఫటికం కట్టేది జబ్బు ఎలా తెస్తుందని శాస్త్రవేత్తలు నివ్వెరపోయారు. స్టాన్లీ అది ఉత్త ప్రోటీన్ అన్నాడు. మరుసటి ఏడే ఇంగ్లండ్‌లో బాడెన్, పిరీ అందులో ఫాస్ఫరస్ కనిపెట్టారు. నూటికి 95 పాళ్లు ప్రోటీన్, మిగిలిన 5 పాళ్లు ఆర్‌ఎన్‌ఏ అనే పోగులాంటి పదార్థం. ఆ ఫాస్ఫరస్ దానిదే. స్టాన్లీ లెక్కలోకి రాని ఆ 5 పాళ్లే అసలు సరుకని తేలడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఈ వైరస్ సన్నని కడ్డీలా ఉంటుంది. పొడవు 300 నానోమీటర్లు, మందం 18. నానోమీటర్ అంటే మిల్లీమీటర్‌లో పది లక్షలో వంతు. కొసలు కలిపి పేరిస్తే ఒక్క మిల్లీమీటర్‌లో మూడు వేలకు పైగా కడ్డీలు పడతాయి. మామూలు మైక్రోస్కోప్‌కు ఇది అందదు. దీని నిర్మాణాన్ని ఎక్స్‌రేలతో శ్రద్ధగా చదివినవారిలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ముఖ్యురాలు. మొక్కజొన్న కంకిని ఊహించుకోండి. గింజల స్థానంలో 2,130 ప్రోటీన్ అణువులు, అన్నీ ఒకే అచ్చు, మెలి తిరుగుతూ పేర్చి ఉంటాయి. ఇదే తొడుగు. బెండు ఉండాల్సిన చోట సన్నని బోలు. గింజల వరసల మధ్య ఇరుక్కుని, వాటితోపాటే మెలి తిరుగుతూ ఒకే ఒక్క ఆర్‌ఎన్‌ఏ పోగు సాగుతుంది. అందులో సుమారు 6,400 అక్షరాలు, అంటే వరసగా కూర్చిన రసాయన ముక్కలు. ప్రోటీన్ గింజ ఒక్కొక్కటి మూడేసి అక్షరాలను పట్టుకుంటుంది. ఆ రాతలో ఉన్నది నాలుగు ప్రోటీన్ల తయారీ మాత్రమే. రెండు పోగుకు నకళ్లు తీయడానికి, ఒకటి పక్క కణంలోకి దారి చేయడానికి, ఒకటి తొడుగుకు.

1955లో ఫ్రెంకెల్-కాన్రాట్, విలియమ్స్ అనే ఇద్దరు ఈ వైరస్‌ను విప్పి తొడుగును, పోగును వేరు చేసి, మళ్లీ ఒకే గిన్నెలో కలిపారు. ఎవరూ పేర్చకుండానే కడ్డీలు వాటంతటవే కట్టుకున్నాయి, ఆకుకు తెగులూ తెచ్చాయి. తర్వాత ఒక రకం తొడుగులో మరో రకం పోగును పెట్టి చూశారు. పుట్టిన పిల్ల వైరస్‌లు పోగు రకానివే అయ్యాయి, తొడుగుతో సహా. వంశం పోగుది.

ఈ వైరస్‌కు మొక్క కణం గోడ చీల్చే శక్తి లేదు. తలలు తుంచేటప్పుడో పిలకలు తీసేటప్పుడో పడిన గాయం చాలు. లోపలికి వెళ్లగానే తొడుగు ఊడుతుంది. కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లు ఆ పోగును తమదే అన్నట్టు చదివేస్తాయి. నకళ్లు తయారవుతాయి, తొడుగులు తయారవుతాయి, రెండూ కలిసి కొత్త కడ్డీలవుతాయి. బ్యాక్టీరియాలా ఒకటి రెండుగా చీలడం ఇక్కడ లేదు. వైరస్ తినదు, ఊపిరి తీయదు, ఎదగదు. ప్రాణి అనాలా వద్దా అంటే, కణం బయట ఉన్నంతసేపూ కాదనే నా అభిప్రాయం.

అన్ని వైరస్‌లూ కడ్డీలు కావు. పోలియోది ఇరవై ముఖాల గుండ్రని పెట్టె. కొన్నిటిలో పోగు డీఎన్‌ఏ. కరోనా, ఫ్లూ వైరస్‌లకు పైన కొవ్వు పొర కూడా ఉంటుంది, సబ్బు నురగకు అది చెదిరిపోతుంది. యాంటీబయాటిక్‌లు దెబ్బకొట్టేది బ్యాక్టీరియా గోడనూ, దాని సొంత యంత్రాలనూ. వైరస్‌కు అవేవీ లేవు. అందుకే జలుబుకు ఆ మాత్రలు దండగ.

పొగాకు వైరస్‌కు కొవ్వు పొర లేదు. ఎండుటాకులో ఏళ్ల తరబడి చెడకుండా ఉంటుంది, చుట్ట కాల్చిన చేతికీ అంటుతుంది. టమాటాకూ మిరపకూ కూడా సోకుతుంది. సోకిన మొక్కను బాగుచేసే మందు ఏదీ లేదు. నారుమడిలో మచ్చల మొక్క కనబడితే పీకి దూరంగా పారేయండి. మరో మొక్కను ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో బాగా రుద్ది కడగండి. సబ్బు ఈ వైరస్‌ను విరగ్గొట్టలేదు గానీ, చేతి మీది నుంచి వదిలిస్తుంది.