ఆకుపచ్చ తేనీరు

ఉప్పల్ కూడలిలోను, నాచారం పారిశ్రామికవాడలోను ఉదయపు షిఫ్టు మొదలయ్యే వేళకు చాయ్ దుకాణాలు కిటకిటలాడుతుంటాయి. పాలు, చక్కెర కలిపి చిక్కగా మరిగించిన చాయ్ హైదరాబాదు వాసులకు ప్రాణం. ఇప్పుడు అవే వీధుల్లోని కిరాణా దుకాణాల్లో గ్రీన్ టీ పొట్లాలు కూడా చోటు సంపాదించుకొన్నాయి. ఇది బరువు తగ్గిస్తుందని, గుండెను కాపాడుతుందని నమ్మి కొనేవారు ఎందరో. ఆ నమ్మకంలో నిజమెంత?

ఈ రెండు తేనీళ్లు వేర్వేరు మొక్కల నుండి వచ్చినవి కావు. తేయాకును నలిపి గాలి తగలనిస్తే, అందులోని ఎంజైముల వల్ల ఆకు నల్లబడి మామూలు టీపొడి అవుతుంది. కోసిన కొద్దిసేపటికే ఆవిరి పట్టి గాని, పెనంపై వేడిచేసి గాని ఆ ఎంజైములను అణచివేస్తే పచ్చదనం నిలుస్తుంది. దానితోపాటు కాటెచిన్లు అనే పదార్థాలు కూడా అధికంగా నిలిచి ఉంటాయి. గ్రీన్ టీ కీర్తికి మూలం ఇవే. (చైనా తీరప్రాంతపు మాండలికంలో ఈ మొక్క పేరు 'తే'. దానికి మన 'ఆకు' చేరి, యడాగమంతో 'తేయాకు' అయింది. 'చాయ్' అనే మాట పారశీకం మీదుగా వచ్చింది.)

తేనీటి ఆరోగ్యగుణాలను కీర్తిస్తూ జపాను బౌద్ధ భిక్షువు ఐసాయి 1211లోనే ఒక గ్రంథం రచించాడు. ఆధునిక శాస్త్రం ఆ మాటను లెక్కలతో పరీక్షించింది. జపానులో 40,530 మందిని పదకొండేళ్లపాటు పరిశీలించిన ఒక అధ్యయనం 2006లో వెలువడింది. రోజుకు ఐదు కప్పులు, అంతకుమించి గ్రీన్ టీ తాగేవారిలో గుండె, రక్తనాళాల జబ్బుల మరణాలు తక్కువగా కనిపించాయి. ఆ తగ్గుదల స్త్రీలలో మరింత స్పష్టం. క్యాన్సర్ మరణాల్లో మాత్రం తేడా లేదు. అయితే ఇది పరిశీలన మాత్రమే. తేనీరు తాగేవారికి ఉండే ఇతర మంచి అలవాట్ల ఫలం కూడా అందులో కలిసి ఉండవచ్చు.

బరువు సంగతి మరింత నిరాశాజనకం. అనేక పరీక్షల ఫలితాలను క్రోడీకరించి 2012లో వెలువడిన కాక్రేన్ సమీక్ష ప్రకారం, గ్రీన్ టీ వల్ల తగ్గే బరువు లెక్కకు రానంత స్వల్పం. ఇక మాత్రల రూపంలో అమ్మే గ్రీన్ టీ సారం కాలేయానికి హాని చేయవచ్చునని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. కప్పులో తాగడం వేరు, మాత్రగా మింగడం వేరు.

ఉప్పల్ నుండి హబ్సిగూడ మీదుగా వెళ్తే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో నీలగిరుల తేయాకు తోటల నడుమ, కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ ఇది. 2024లో ఈ సంస్థ వెలువరించిన ఆహార మార్గదర్శకాలు టీ, కాఫీలను భోజనానికి కనీసం గంట ముందు, గంట తరువాత తాగవద్దంటున్నాయి. తేనీటిలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును పట్టి ఉంచి, ఒంటపట్టనీయవు. గ్రీన్ టీ అయినా ఇందుకు మినహాయింపు కాదు. పరీక్షల రోజుల్లో నిద్ర ఆపుకోవడానికి కప్పు మీద కప్పు తాగే విద్యార్థులు మరొకటి గమనించాలి: అదే పుస్తకం కెఫీన్‌కు రోజుకు 300 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో 15–19 ఏళ్ల బాలికల్లో 59 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. మన ఇళ్లలో ఇనుము ఎక్కువగా లభించేది ఆకుకూరలు, పప్పులు, జొన్న, సజ్జల నుండే. తేనీరు అడ్డుకొనేది ముఖ్యంగా ఈ శాకాహారపు ఇనుమునే. సన్నబడాలని మధ్యాహ్న భోజనం కాగానే గ్రీన్ టీ తాగే విద్యార్థిని, తగ్గని బరువు కోసం పాలకూర పప్పులోని ఇనుమును పోగొట్టుకొంటున్నది. ఆ పప్పులో నిమ్మచెక్క పిండుకొంటే ఇనుము మరింత ఒంటపడుతుంది. గ్రీన్ టీ కప్పును సాయంత్రం కళాశాల నుండి ఇంటికి చేరాక అందుకోవచ్చు.