సీసాన్ని పట్టే ఎండ్రకాయ డెక్క

సాగర్ కుడికాలువ కింద వరిగట్ల మీద తిరిగినవాళ్లకి ఎండ్రకాయ డెక్క సంగతి చెప్పక్కర్లేదు. పట్టిందంటే ఓ పట్టాన వదలదు! సీసం, పాదరసం, ఆర్సెనిక్ ఒంట్లో చేరినప్పుడు డాక్టర్లిచ్చే మందులు చేసే పనీ అదే. లోహాన్ని రెండు పక్కలా ఇరికించి పట్టుకుని మూత్రంలో బయటికి లాక్కుపోతాయి. గ్రీకులో డెక్కని ‘కేలె’ అంటారు. అందుకే వీటికి కీలేటింగ్ ఏజెంట్లని పేరు.

పల్నాడుకి సీసం కొత్తేం కాదు. బొల్లాపల్లి మండలం బండ్లమోటులో హిందుస్థాన్ జింక్ సంస్థ ఏళ్లతరబడి సీసం ఖనిజాన్ని తవ్వింది. ఆ గని మూతపడి చాలాకాలమైంది. అయితే సీసం ఇంట్లోకి రావడానికి పక్కన గనే ఉండక్కర్లేదు. పాత బ్యాటరీలు కరిగించేచోట లేచే పొగ, పెచ్చులూడే పాత రంగులు, తగరంలో సీసం కలిపి పూసిన కళాయి, ఎవరు చేశారో తెలియని భస్మాలు... దారులు బోలెడు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛతో పడిపోయినప్పుడు, బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. ఆ తర్వాత పురుగుమందుల పేరూ వినిపించిందనుకోండి.

ఈ మందుల్లో మొదటిది యుద్ధంలో పుట్టింది. లూయిసైట్ అనే ఆర్సెనిక్ విషవాయువుకి విరుగుడుగా, రెండో ప్రపంచయుద్ధకాలంలో ఆక్స్‌ఫర్డ్‌లో రుడాల్ఫ్ పీటర్స్ బృందం ‘బాల్’ని తయారుచేసింది. వేరుశనగ నూనెలో కలిపి కండలోకి లోతుగా ఇచ్చే ఇంజెక్షన్. నొప్పి అంతా ఇంతా కాదు. తర్వాత ఈడీటీఏ వచ్చింది. నోటితో మింగే సక్సిమర్‌కి 1991లో అమెరికా అనుమతిచ్చింది. పిల్లల్లో డెసిలీటరు రక్తానికి సీసం 45 మైక్రోగ్రాములకి చేరితేనే సాధారణంగా దీన్ని మొదలుపెడతారు.

అంతకన్నా తక్కువున్నా ఇచ్చేస్తే పోలేదా? అమెరికాలో 780 మంది పిల్లల మీద ఇదే చూశారు. 2001లో ఫలితాలొచ్చాయి. సక్సిమర్ వాడినవాళ్ల రక్తంలో సీసం తగ్గింది. తెలివితేటల పరీక్షల్లో మాత్రం మార్కులు పెరగలేదు. సీసం మెదడుకి చేసిన నష్టాన్ని ఏ డెక్కా వెనక్కి తేలేదన్నమాట.

పైగా ఈ డెక్కకి మంచీచెడూ తెలియదు. కాల్షియం డైసోడియం ఈడీటీఏ సీసాన్ని లాగుతుంది. పేరులో ‘కాల్షియం’ లేని డైసోడియం ఈడీటీఏ అయితే రక్తంలోని కాల్షియాన్నే లాగేసి గుండెని ఆపేయగలదు. 2003 నుంచి 2005 మధ్య అమెరికాలో ముగ్గురు అలాగే చనిపోయారు. ఒంట్లో మలినాలు కడిగేస్తామంటూ సెలైన్ ఎక్కించేవాళ్ల దగ్గరికి వెళ్లేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఒంట్లోని సీసంలో ఎక్కువభాగం దాక్కునేది ఎముకల్లో. మందు ఆపాక అది మెల్లగా రక్తంలోకి దిగి, తగ్గిన అంకె మళ్లీ పెరుగుతుంది. ఇక నాన్న బ్యాటరీ దుమ్ము అంటిన చొక్కాతోనే వచ్చి పిల్లాణ్ని ఎత్తుకుంటుంటే, ఆ మందు పడ్డ శ్రమంతా వృథా. అందుకే పిల్లలకి తగ్గని కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత ఉంటే ఇంట్లో ఎవరు ఏ పని చేస్తున్నారో డాక్టరుకి చెప్పండి. రక్తంలో సీసం పరీక్ష అవసరమేమో అడగండి. పని బట్టలు మార్చుకుని, స్నానం చేశాకే పిల్లల్ని దగ్గరికి తీసుకోండి. ఆ బట్టల్ని విడిగా ఉతకండి.