తొలకరి గడ్డి మీద తొందర

జూన్‌లో రెండు వానలు పడగానే గోదావరిఖని చుట్టుపక్కల ఓపెన్‌కాస్ట్ గనుల మట్టిగుట్టల అంచులు పచ్చబడతాయి. ఎండాకాలమంతా ఎండుమేతతో, తుమ్మకాయలతో నెట్టుకొచ్చిన గొర్రెల మందలు అటు పరుగెడతాయి. ఆ రోజుల్లోనే బాగా బలిసిన పిల్ల ఒకటి ఉన్నట్టుండి కిందపడి, కాళ్లు కొట్టుకుని, మెడ వెనక్కి విరుచుకుని ప్రాణం విడుస్తుంది. దిష్టి తగిలిందంటారు, ఊరి దేవతకు పొట్టేలును మొక్కుతారు. ఏటా ఇదే తంతు.

దిష్టీ కాదు, దేవత కోపమూ కాదు. అది చిటుక రోగం. దానికి కారణమైన క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ డి రకం బాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న గొర్రె పేగుల్లోనూ కొద్దిగా ఉంటుంది. మామూలప్పుడు పేగు కదలికే దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోసేస్తుంది. ఎండుమేతకు అలవాటుపడ్డ కడుపులో లేత గడ్డి ఒక్కసారిగా పడితే మాత్రం, పూర్తిగా పులియని పిండిపదార్థాలు, చక్కెరలు చిన్నపేగులోకి దిగిపోతాయి. వాటిని తిని బాక్టీరియా గంటల్లో లెక్కకు మించి పెరిగి విషం వదులుతుంది. ఆ విషం రక్తనాళాలను, మెదడును దెబ్బతీస్తుంది. ఆబగా తిన్న పిల్లే ముందు పోయేది ఇందుకే. టీకా ఉంది. వానలకు ముందే వేయించాలి. తొలిసారి వేయించే జీవాలకు రెండు మూడు వారాల తర్వాత రెండో డోసు తప్పదు.

ఈ తొందర గడ్డినీ చంపుతుంది. వేసవిలో ఎండిన దుబ్బు తన కాడల మొదళ్లలో, వేళ్లలో దాచుకున్న తిండితోనే తొలి ఆకులు వేస్తుంది. రైతు గాదెలో దాచిన విత్తనాల లాంటిదది. ఆకును కొరికితే మళ్లీ విత్తాలి. వారం తిరక్కుండా ఇంకోసారి కొరికితే గాదె అడుగంటుతుంది. వేరు కురచబడిన ఆ దుబ్బు ఆగస్టులో వాన మొహం చాటేస్తే తట్టుకోలేదు. దాని చోట వయ్యారిభామ కలుపు లేస్తుంది. మట్టిగుట్టల మీద నష్టం ఇంకా ఎక్కువ, వదులు మట్టిని పట్టి ఉంచేది ఆ వేళ్లే.

గొర్లు ఎక్కువైతేనే బీడు పాడవుతుందని చాలామంది నమ్మకం. ఫ్రాన్స్‌కు చెందిన శాస్త్రవేత్త ఆంద్రే వాజాఁ 1950లలోనే వేరే మాట చెప్పాడు: పశువుల లెక్కకన్నా, అవి ఒకేచోట ఎన్నాళ్లున్నాయి, ఎంత త్వరగా తిరిగొచ్చాయి అన్నదే ముఖ్యం. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున గొల్లకురుమలకు పంచడం మొదలుపెట్టింది. జీవాలను పంచగలిగారు కానీ బీళ్లను పెంచలేరు. ఉన్న బీడుకే విశ్రాంతినివ్వాలి.

కంచె అక్కర్లేదు. వాగు, బండ్లబాట హద్దులుగా బీడును మూడు నాలుగు ముక్కలు చేసుకుని, ఒకదాంట్లో మేపుతూ మిగతావి వదిలెయ్యాలి. తొలకరి వారాల్లో పొద్దున్నే ఎండుమేత పెట్టి, సగం కడుపు నిండాకే మందను తోలాలి; మొదట గంటసేపు, తర్వాత రోజురోజుకూ కాస్త పెంచుతూ.