మబ్బుల పైనుంచి సముద్రానికి కాపలా

రాత్రిపూట మీ చేలో పశువులు పడి మేస్తే తెల్లారేసరికి గిట్టల జాడ కనిపిస్తుంది. ఎవరి పశువులో ఆరా తీయొచ్చు. సముద్రంలో జాడ మిగలదు. బారువ, మంచినీళ్లపేట తీరాల్లో చిన్న పడవల మీద బతికేవారికి ఇదే చిక్కు. 1994 నాటి రాష్ట్ర చట్టం కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సాంప్రదాయ పడవలదే. మరబోట్లు దాని అవతల వేటాడాలి. చీకట్లో లోపలికొచ్చి వల లాగిపోతే పట్టేదెవరు?

ఇందుకు ఉపగ్రహ రాడార్ కొంత సాయపడుతుంది. కంచిలి రైతుకు ఈ గొడవెందుకు అంటారా? మన చేలను చూసేదీ అదే రాడార్.

ఎలా చూస్తుంది?

కెమెరా ఉన్న ఉపగ్రహానికి వెలుతురు కావాలి, మబ్బు ఉండకూడదు. రాడార్ ఉపగ్రహం రేడియో తరంగాలను తానే కిందికి పంపి, తిరిగొచ్చినవాటిని పట్టుకుంటుంది. మబ్బు, చీకటి దానికి అడ్డం కావు. రాత్రి చెరువు గట్టు మీద నిలబడి టార్చిలైటు ఏటవాలుగా వేసి చూడండి. వెలుగు అవతలికి జారిపోయి నీళ్లు నల్లగానే ఉంటాయి. రేకు డబ్బా తేలుతుంటే మాత్రం తళుక్కుమంటుంది. రాడార్ చిత్రంలోనూ అంతే. సముద్రం నల్లగా, ఇనుప ఓడ తెల్లచుక్కగా కనిపిస్తాయి.

పెద్ద ఓడలు తామెక్కడున్నదీ రేడియో సంకేతంతో తెలుపుతాయి. చుక్క ఉండి సంకేతం లేదంటే అనుమానించాల్సిందే. 2017-21 నాటి చిత్రాలు పరిశీలించిన అధ్యయనం ఒకటి 2024 జనవరిలో 'నేచర్' పత్రికలో వచ్చింది. ప్రపంచంలోని పెద్ద చేపలవేట ఓడల్లో సుమారు నాలుగింట మూడొంతుల జాడ బహిరంగంగా తెలియడం లేదని తేల్చింది.

మన ఇస్రో 2022 ఫిబ్రవరి 14న శ్రీహరికోట నుంచి పంపిన ఈఓఎస్-04 కూడా రాడార్ ఉపగ్రహమే. పంటలు, నేలలో తేమ, వరద ముంపు చూడడం దాని పని. 2018 అక్టోబరులో ఉద్దానాన్ని కూల్చిన తిత్లీలాంటి తుపాను వేళ, మబ్బు కింద మునిగిన చేలను చూపగలిగేది రాడారే.

లోపాలూ ఉన్నాయి

చుక్క తన పేరు చెప్పదు. 15 మీటర్ల లోపు పడవలు, అందులోనూ చెక్కవి, ఫైబర్‌వి, చాలావరకు కనిపించవు. చిన్న మరబోట్లూ తప్పిపోవచ్చు. ఉపగ్రహం ఎప్పుడూ మన నెత్తినే ఉండదు. ఐరోపా వారి సెంటినెల్-1 ఉపగ్రహం ఒక్కోటి అదే దారికి తిరిగి రావడానికి 12 రోజులు పడుతుంది. చివరికి పట్టుకోవలసింది గస్తీ పడవే.

మీరేం చేయాలి?

మరబోట్లకు, ఇంజను పడవలకు లక్ష ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకాన్ని కేంద్రం 2024 ఆగస్టు 30న ప్రారంభించింది. పడవ ఎక్కడుందో ఇది తెలుపుతుంది. ఆపదలో కబురు పంపుతుంది. మీ ఇంట్లో ఎవరైనా వేటకెళ్తుంటే మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. అమర్చాక ఆపేయవద్దు. రాడార్‌కు కనబడని చిన్న పడవకు నడిసముద్రంలో అదే ఆధారం.

హద్దు దాటిన మరబోటు కంటపడితే తేదీ, వేళ, చోటు రాసుకుని అధికారులకు చెప్పండి. ఆ వేళకు రాడార్ చిత్రం కూడా దొరికితే మీ మాటకు బలం చేకూరుతుంది.