గట్టుమీది శత్రువు
అనంతపురం వేరుశనగ తెగులు నేర్పిన పాఠం

తెలుగువారు ఏ దేశంలో స్థిరపడినా వారి వంటింట వేరుశనగ గింజలకు చోటు తప్పక ఉంటుంది. పల్లీల పచ్చడి, పులిహోరలో వేయించి కలిపిన పప్పులు, బెల్లంపాకంతో కట్టిన ఉండలు ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. ఈ పంటను నమ్ముకొని దశాబ్దాలుగా బ్రతుకుతున్న సీమ అనంతపురం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఆ ప్రాంతపు ఎర్రనేలల్లో, వర్షాధారంగా, ఇతర పంటలు చేతులెత్తేసిన చోట కూడా వేరుశనగ ఎంతో కొంత పండుతుంది. కాయ ఇంటికి వస్తే అప్పు తీరుతుంది, కట్టె వామిగా పడితే పశువులకు మేత దక్కుతుంది. 2000 సంవత్సరం నాటికి ఆ ఒక్క జిల్లాలోనే ఏటా ఏడు లక్షల హెక్టార్లకు పైగా ఈ పంటను వేసేవారు. నేడు ఆ ప్రాంతం 2022లో జరిగిన పునర్విభజన వల్ల అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా ఉంది.

కరవుకు అలవాటుపడిన ఆ రైతాంగాన్ని 2000 ఖరీఫ్‌లో వేరొక ఆపద చుట్టుముట్టింది. విత్తనం మొలిచి, పైరు నిలదొక్కుకొంటున్న దశలో లేత ఆకులపై గోధుమరంగు మచ్చలు పడ్డాయి. మచ్చలు ఆకు కాడల మీదుగా కాండంలోకి దిగాయి. మొవ్వు మాడిపోయింది, కాండం నల్లబడింది, మొక్క నిలువునా ఎండిపోయింది. నేలలో పదును ఉన్నా పైరు చచ్చిపోవడం రైతులను దిగ్భ్రాంతికి గురిచేసింది. ఆ ఒక్క కారులో సుమారు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతిన్నదనీ, నష్టం 300 కోట్ల రూపాయలకు మించిందనీ శాస్త్రవేత్తలు అంచనా వేశారు. కాయతోపాటు పశువుల మేత కూడా పోయింది.

రెండు రోగాలు, ఒకే రూపం

చూడగానే ఈ తెగులు పాత శత్రువే అనిపించింది. వేరుశనగకు మొవ్వుకుళ్లు అనే వైరస్ తెగులు అంతకుముందే సుపరిచితం. హైదరాబాదు సమీపాన పటాన్‌చెరువులో 1972లో నెలకొన్న అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఈ మొవ్వుకుళ్లుపై ఏళ్ల తరబడి పరిశోధన సాగింది. మొదట దీనిని విదేశాలలో టమాటో పైరుకు సోకే ఒక వైరస్‌గా భావించారు. తరువాత అది వేరొక ప్రత్యేక వైరస్ అని 1992 నాటికి తేలింది. దానిని మొక్క నుండి మొక్కకు చేరవేసేది ఒక జాతి తామర పురుగు. మిల్లీమీటరు పొడవు ఉండే ఈ సన్నని పురుగు ఆకుల మడతల్లో, పువ్వుల్లో దాగి రసం పీలుస్తుంది.

అనంతపురం చేలల్లో కూడా మొవ్వు మాడింది, తామర పురుగులూ కనిపించాయి. ఇది మొవ్వుకుళ్లే అని నిర్ణయించి పాత సలహాలే తిరిగి చెప్పి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు. కానీ కొన్ని లక్షణాలు పొసగలేదు. మొవ్వుకుళ్లు సోకిన మొక్క సాధారణంగా గిడసబారి, పక్క కొమ్మలు గుబురుగా వేసి, చిన్న చిన్న వికృతమైన ఆకులతో కొంతకాలం బ్రతుకుతుంది. ఇక్కడ మాత్రం కాండమంతా కుళ్లి మొక్క త్వరగా చనిపోతున్నది. వైద్యంలో వలెనే వ్యవసాయంలోనూ నిదానం సరిగా లేకుంటే చికిత్స వ్యర్థమవుతుంది.

ప్రయోగశాల సాక్ష్యం

డి.వి.ఆర్. రెడ్డి, ఆర్.డి.వి.జె. ప్రసాదరావు ప్రభృతులైన వైరస్ శాస్త్రవేత్తలు రోగగ్రస్తమైన మొక్కలను పరీక్షకు తీసుకున్నారు. వైరస్ నిర్ధారణకు ఎలైసా అనే పద్ధతి ఉన్నది. ఒక వైరస్‌ను మాత్రమే గుర్తుపట్టి అంటుకొనే ప్రతిదేహాలను ముందుగా తయారు చేసుకొని, చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకలో మొక్క రసంతో కలుపుతారు. ఆ వైరస్ రసంలో ఉంటే రంగు వస్తుంది, లేకుంటే రాదు. తాళంచెవి తన తాళానికే పట్టినట్లు ఈ పరీక్ష పనిచేస్తుంది. మొవ్వుకుళ్లు తాళంచెవి ఈ మొక్కల రసానికి పట్టలేదు.

పట్టినది మరొకటి. దాని పేరు పొగాకు చారల వైరస్. మొవ్వుకుళ్లు వైరస్ కణం 80 నుండి 100 నానోమీటర్ల వెడల్పు ఉండి, పైన ఒక పొరతో గుండ్రంగా ఉంటుంది. ఈ కొత్త వైరస్ కణం అందులో మూడవ వంతు మాత్రమే, దానికి పై పొర లేదు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. కంటికి ఒకే రకంగా కనిపించిన రెండు రోగాల వెనుక, ఒకదానితో మరొకదానికి చుట్టరికమే లేని రెండు వైరస్‌లు ఉన్నాయన్నమాట. స్కాట్లండులోని పంటల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకొన్న ఈ పరిశోధన ఫలితాలు 2002లో ప్రచురితమయ్యాయి. కొత్త రోగానికి కాండం కుళ్లు వైరస్ తెగులు అనే పేరు స్థిరపడింది.

దీనికి ముందుసూచన కూడా లేకపోలేదు. అనంతపురం జిల్లాను ఆనుకొని ఉన్న కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతంలో 1997లో పొద్దుతిరుగుడు పంటను ఒక కొత్త తెగులు నాశనం చేసింది. దానికి కారణం కూడా ఈ పొగాకు చారల వైరసే అని తరువాత రుజువైంది.

పుప్పొడి పల్లకీ

ఇక తేలవలసినది వైరస్ చేనులోకి ఎలా వస్తున్నదనే విషయం. మొవ్వుకుళ్లు వైరస్‌కూ తామర పురుగుకూ గాఢమైన సంబంధం ఉంది. పిల్లపురుగు దశలో పురుగు దేహంలోకి వెళ్లిన వైరస్ అక్కడ వృద్ధి పొంది, పురుగు పెద్దదైన తరువాత జీవితాంతం దాని లాలాజలంతో బయటికి వస్తూనే ఉంటుంది. పొగాకు చారల వైరస్‌కు అటువంటి బంధమేమీ లేదు. అది పురుగు దేహంలో పెరగదు. అది ప్రయాణం చేసేది పుప్పొడిలో.

ఈ చిక్కుముడిని విప్పే ఆధారం పదమూడేళ్లకు ముందే ఆస్ట్రేలియాలో దొరికింది. అక్కడ సడూడీ, టీకిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ వైరస్ సోకిన పుప్పొడినీ, తామర పురుగులనూ కలిపి ఆరోగ్యవంతమైన ఆకులపై వదిలిచూశారు. పుప్పొడి ఒక్కటే ఉంటే రోగం రాలేదు, పురుగులు ఒక్కటే ఉన్నా రాలేదు. రెండూ కలిసినప్పుడు వచ్చింది. పురుగు ఆకును గీరి చేసిన గాయంలోకి పుప్పొడిలోని వైరస్ ప్రవేశిస్తున్నదని తేల్చి, మొక్కల వైరస్‌లు వ్యాపించే కొత్త మార్గంగా దానిని 1987లో ప్రకటించారు. ఆనాడు కేవలం విద్వాంసుల ఆసక్తికి పరిమితమనిపించిన ఆ చిన్న ప్రయోగం అనంతపురం రైతుకు అక్కరకు వస్తుందని ఎవరూ ఊహించి ఉండరు.

అయితే ఆ పుప్పొడి ఎవరిది? రోగం సోకినప్పుడు వేరుశనగ పైరు ఇంకా లేతది. లోపం చేనులో లేదు, గట్టు మీద ఉంది. గట్లమీద, బీళ్లలో, బాటల వెంట తెల్లని పూలతో విరగబూసే వయ్యారిభామ మొక్కలను పరీక్షిస్తే వాటిలో వైరస్ కనిపించింది. విచిత్రమేమిటంటే వయ్యారిభామకు రోగలక్షణం ఒక్కటీ ఉండదు. తాను ఆరోగ్యంగా పెరుగుతూ, పువ్వు పూసిన ప్రతిసారీ వైరస్ నిండిన పుప్పొడిని వెదజల్లుతుంది. పూలలోని తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి పూసుకొని గాలివాటున చేనులోకి చేరతాయి. తొలకరికి మొలిచి వేరుశనగ కన్న ముందే పూతకు వచ్చే వయ్యారిభామ, లేత పైరుకు తొలి గండంగా పరిణమిస్తుంది.

అమెరికా అతిథులు

ఈ కథలోని ముఖ్యపాత్రలలో చాలా వాటికి అమెరికా ఖండాలతో సంబంధం ఉండడం గమనార్హం. వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్కడి నుండి సముద్రాలు దాటి వచ్చి రాయలసీమ పంటగా మారిపోయింది. పొగాకు చారల వైరస్‌ను మొదట వర్ణించినది అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, 1936లో. వయ్యారిభామ కూడా ఉష్ణ అమెరికా వాసియే. పూణేలో 1955లో గుర్తించిన తరువాత కొద్ది దశాబ్దాలలోనే దేశమంతటా అల్లుకొన్నది. దిగుమతి చేసుకొన్న గోధుమలతో వచ్చిందనే ప్రతీతి వల్ల కాంగ్రెస్ గడ్డి అనే పేరు కూడా దానికి అంటుకొన్నది. దానిని తినే ఒక పెంకుపురుగును 1980లలో మెక్సికో నుండి తెప్పించి బెంగుళూరు పరిసరాల్లో వదిలారు. అలా శత్రువుకు శత్రువు కూడా అమెరికా నుండే వచ్చింది.

ఒక విత్తనం దేశం మారితే సిరి కావచ్చు, మరొకటి మారితే చేటు కావచ్చు. ప్రయాణికుల సామానులో విత్తనాలు, మొక్కలు లేకుండా విమానాశ్రయాలలో కట్టుదిట్టంగా తనిఖీ చేయడానికి కారణం ఇదే. స్వదేశం నుండి ఇష్టంగా తెచ్చుకొన్న కరివేపాకు మొక్కనో, గోంగూర విత్తనాలనో అధికారులు తీసివేసినప్పుడు ప్రవాస కుటుంబాలకు కష్టం తోచడం సహజం. ఆ నియమం అవతలి దేశపు అనంతపురాలను కాపాడడానికేనని గుర్తిస్తే ఆ కష్టం కొంత తగ్గుతుంది.

మందు సీసాలో లేదు

రోగానికి సరైన పేరు దొరకగానే సలహా మారిపోయింది. పురుగుమందు పదే పదే చల్లడం వల్ల మేలు తక్కువ. గాలితోపాటు కొత్త పురుగులు వచ్చి పడుతూనే ఉంటాయి, మందు పురుగును చంపేలోపే వైరస్ ఆకులోకి చేరుతుంది. కనుక రైతు చూపు చేను నుండి గట్టుకు మళ్లవలసి వచ్చింది. వయ్యారిభామను పూతకు రాకముందే పెరికివేయాలి. దాని స్పర్శ వల్ల చర్మవ్యాధులు, పుప్పొడి వల్ల ఉబ్బసం వచ్చే ప్రమాదముంది గనుక చేతులకు తొడుగులు వేసుకొని ఆ పని చేయాలి. చేను చుట్టూ కొన్ని వరుసలు జొన్న గాని సజ్జ గాని వేయాలి. త్వరగా ఎదిగే ఆ పైరు గాలిలో కొట్టుకొని వచ్చే పురుగులకు అడ్డుగోడగా నిలుస్తుంది. మొక్కలను ఒత్తుగా ఉంచాలి, ఎందుకంటే ఖాళీలున్న చేనులోనే పురుగులు ఎక్కువగా వాలతాయి. పొద్దుతిరుగుడు పక్కన వేరుశనగ వేయరాదు. పురుగుమందుతో విత్తనశుద్ధి చేస్తే తొలివారాలలో కొంత రక్షణ లభిస్తుంది.

మరొక ఊరట కూడా పరిశోధన వల్లనే కలిగింది. భారతదేశంలోని ఈ వైరస్ వేరుశనగ విత్తనం ద్వారా తరువాతి పంటకు సంక్రమించదని ప్రయోగాలు తేల్చాయి. అంటే తెగులు వచ్చిన ఏడు మిగిలిన కాయలను కూడా రైతు నిర్భయంగా విత్తనానికి దాచుకోవచ్చు. విత్తనం కొనడానికే అప్పు చేయవలసిన సన్నకారు రైతుకు ఈ ఒక్క వాక్యం విలువ ఎంతో పెద్దది.

అనంతపురంలో నేర్చిన పాఠం మరొక ఖండంలో కూడా ప్రత్యక్షమైంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లండు మధ్యభాగంలో 2000 దశకం మధ్యలో పొద్దుతిరుగుడు, పెసర పంటలకు ఇదే వైరస్ సోకింది. అక్కడ కూడా వయ్యారిభామే దోషిగా తేలింది. ఆ మొక్క విత్తనంలోనే వైరస్ దాగి ఒక వాన నుండి మరొక వాన దాకా నిలిచి ఉంటుందని అక్కడి శాస్త్రవేత్తలు నిరూపించారు. గట్టు ఒక ఏడాది శుభ్రం చేస్తే చాలదనీ, ఏటా చేయవలసిందేననీ దాని అర్థం.

మిగిలిన పని

గట్టు శుభ్రం చేయడం వినడానికి సులభం. కానీ బీడు ఒకరిది, బాట పంచాయతీది, చేను వేరొకరిది. పక్కవాని గట్టుమీది పువ్వు తన చేనుకు చేటు తెస్తున్నప్పుడు ఏ రైతూ ఒంటరిగా తన పంటను కాపాడుకోలేడు. ఊరంతా ఒకేసారి కదిలితేనే ఫలితం ఉంటుంది.

అందువల్ల తెగులును తనంతట తానే తట్టుకొనే వేరుశనగ కోసం అన్వేషణ అవసరమైంది. సాగులో ఉన్న రకాలలో చాలా వరకు ఈ వైరస్‌కు లొంగిపోతాయి. దక్షిణ అమెరికాకు చెందిన వన్యజాతుల సేకరణలను ఇక్రిశాట్ పరిశీలించగా వాటిలో కొన్ని నిలదొక్కుకొన్నట్లు 2007లో వెల్లడైంది. వాటిలో ముఖ్యమైనది వేరుశనగకు మూలపురుషులైన రెండు జాతులలో ఒకటి కావడం విశేషం. అయితే ఆ అడవిజాతిలో 20 క్రోమోసోములుంటే సాగులోని వేరుశనగలో 40 ఉంటాయి. సూటిగా సంకరం కుదరదు గనుక ఆ సుగుణాన్ని పంటలోకి తేవడం దీర్ఘకాలిక ప్రయత్నం. తాత గుణం మనుమనికి తిరిగి అబ్బేలా చేయడమే నేటి పరిశోధకుల ముందున్న పని. అది నెరవేరేదాకా అనంతపురం పైరుకు కాపలా తొలకరి నాడు గట్టు మీద వంగి కలుపు పెరికే చేతులదే.